డ్రైవ్‌త్రూ వరుసలో సైకిలుకు చోటుందా?

ఖరగ్‌పూర్: బండి దిగకుండానే కిటికీ వద్ద ఆహారం అందుకునే దారి డ్రైవ్‌త్రూ. స్కూటరును రానిచ్చే చోట సైకిలును ఆపడం సబబేనా? తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఈ రైల్వే పట్టణంలో ఐఐటీ విద్యార్థులు మొదలుకొని ఎందరికో సైకిలే వాహనం. విద్యార్థులకు సైకిళ్లిచ్చే ‘సబుజ్ సాథీ’ పథకాన్ని రాష్ట్రం 2015లోనే ప్రారంభించింది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం సైకిలును మోటారు వాహనంగా పరిగణించదు. డ్రైవ్‌త్రూ దారి సాధారణంగా ప్రైవేటు స్థలం కనుక నిర్ణయం నిర్వాహకులదే. కార్ల మధ్య సైకిలు డ్రైవరు కంట పడదన్నది ప్రధాన అభ్యంతరం. భయం నిజమే, కానీ అది స్కూటరుకూ వర్తిస్తుంది. నేలలో అమర్చిన సెన్సర్లు సైకిలును గుర్తించకపోవచ్చు. అందుకు ఒక కాలింగ్‌బెల్ చాలు. లోపలి హాలు మూసి కిటికీ మాత్రమే తెరిచే రాత్రివేళ, షిఫ్టు ముగించుకుని సైకిలుపై వచ్చిన కార్మికుడికి మరో దారి ఉండదు.