అప్పు కన్నా ముందు సలహా: ఖరగ్‌పూర్‌లో స్వయం ఉపాధి దారులు

ఖరగ్‌పూర్: రైల్వే వర్క్‌షాపును నమ్ముకుని తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఉపాధి విషయంలో కొత్త ప్రశ్న ఎదురవుతోంది. పట్టణం చెంతనే విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. ఎక్స్‌కవేటర్లు తయారుచేసే టాటా హిటాచీ కర్మాగారం అక్కడిదే. లేతు, వెల్డింగు పనుల్లో చేయి తిరిగిన యువకుడు ఆ చుట్టుపక్కల సొంతంగా చిన్న షెడ్డు వేసుకోదలిస్తే సలహా కోసం ఎవరి గడప తొక్కాలి?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వచ్చినవారి సంతతి ఇది. వారికి పనితనం వారసత్వంగా వచ్చింది కానీ వ్యాపారానుభవం రాలేదు. నెల జీతానికి అలవాటుపడిన ఇంట్లో మార్జిన్ మనీ, వర్కింగ్ క్యాపిటల్ వంటి మాటలు వినిపించవు. ఇంటి పిల్లలందరికీ రైల్వే కొలువు దొరికే రోజులు పోయాయి.

మొదట వెళ్లవలసిన చోటు జిల్లా పరిశ్రమల కేంద్రం. 1978లో దేశవ్యాప్తంగా ప్రారంభమైన ఈ వ్యవస్థ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనూ ఉంది. 2008లో రెండు పాత పథకాలను కలిపి కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం దరఖాస్తులను చూసే సంస్థల్లో ఇదొకటి. 2022 సవరణలో ఈ పథకం కింద తయారీ యూనిట్ల వ్యయ పరిమితిని 50 లక్షల రూపాయలకు, సేవా యూనిట్ల పరిమితిని 20 లక్షలకు పెంచారు.

ఇక్కడే లెక్క జాగ్రత్తగా చూసుకోవాలి. జనరల్ వర్గానికి చెందిన వ్యక్తి 20 లక్షలతో యూనిట్ పెడితే సొంతంగా పది శాతం, అంటే రెండు లక్షలు తేవాలి. షెడ్డు పురపాలక సంఘం పరిధిలో ఉంటే రాయితీ 15 శాతం, అనగా మూడు లక్షలు. అదే షెడ్డు పంచాయతీ పరిధిలో ఉంటే 25 శాతం, అనగా అయిదు లక్షలు. సరిహద్దుకు ఇటా, అటా అన్నదానిపై రెండు లక్షలు ఆధారపడి ఉన్నాయన్నమాట. అద్దె ఒప్పందం కుదుర్చుకున్నాక ఈ సంగతి తెలిసి ప్రయోజనం లేదు. భూమి ఖరీదును ప్రాజెక్టు వ్యయంలో చేర్చనివ్వరు. కట్టిన షెడ్డు అద్దెను మాత్రం మూడేళ్ల వరకు చేర్చవచ్చు.

రాయితీ చేతికి వస్తుందనుకోవడం మరో పొరపాటు. ఆ సొమ్మును బ్యాంకు మూడేళ్లపాటు డిపాజిట్‌గా ఉంచి, యూనిట్ నడుస్తున్నట్లు తనిఖీలో తేలాకే అప్పులో జమ చేస్తుంది. ఈలోగా మూతపడితే మిగిలేది అప్పే.

మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన వర్గాలవారు సొంతంగా తేవలసింది అయిదు శాతమే. వారికి రాయితీ పట్టణంలో 25, గ్రామాల్లో 35 శాతం. అయితే వలస కుటుంబాలకు కుల ధ్రువీకరణ పత్రం దగ్గర చిక్కు ఉంది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్నంత మాత్రాన వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ ప్రయోజనాలు దక్కవని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవాడూ ఆంధ్ర ప్రాంతం నుంచి మహారాష్ట్రకు వెళ్లిన తెలుగు విద్యార్థే. కనుక తాతల నాటి పత్రాన్ని నమ్ముకుని 25 శాతం లెక్క వేసుకోకుండా, అది చెల్లుతుందో లేదో పరిశ్రమల కేంద్రంలో ముందే తేల్చుకోవాలి. భార్య పేరిట యూనిట్ పెడితే ఈ చిక్కు లేదు. కానీ ఆమె నిజంగా యజమానిగా ఉండాలి, సంతకానికి మాత్రమే పరిమితం కారాదు.

శిక్షణకు మార్గాలున్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెటి నమూనాలో బ్యాంకులు నడుపుతున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉచితంగా నేర్పుతాయి. సాంకేతికంగా కొత్తదనమున్న ఆలోచనకు ఖరగ్‌పూర్ ఐఐటీలోని శాస్త్ర సాంకేతిక పారిశ్రామికవేత్తల పార్క్ తగిన చోటు. మామూలు వెల్డింగు షెడ్డుకు దానితో పని ఉండదు.

అయితే ఈ కార్యాలయాలన్నీ ఎంత అప్పు కావాలన్న ప్రశ్నతో మొదలుపెడతాయి. అసలు అడగవలసింది సరుకు ఎవరు కొంటారు, డబ్బు ఎప్పుడిస్తారు అన్నది. పెద్ద కర్మాగారం పక్కన షెడ్డు వేసినంత మాత్రాన ఆర్డరు రాదు. నాణ్యత, గడువు పరీక్షల్లో నెగ్గాలి. వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దల సలహా ఇక్కడ ఏ కన్సల్టెంటు నివేదికకన్నా విలువైనది. కేంద్ర శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలని 2018 సవరణ చెబుతోంది. రైల్వేలకూ ఇది వర్తిస్తుంది.

ఈ హక్కులు పొందాలంటే ఉద్యమ్ నమోదు ఉండాలి. 2020 జూలై 1న ప్రారంభమైన ఈ నమోదుకు రుసుము లేదు. దళారీకి ఇచ్చే ప్రతి రూపాయీ దండుగే. మొదటి సరుకు పంపకముందే నమోదు పూర్తిచేసుకోవడం క్షేమం. 2006 నాటి చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా కొనుగోలుదారు 45 రోజుల లోపు చెల్లించాలి. ఒప్పందంలో గడువు లేకపోతే 15 రోజులే. జాప్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదును రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. ఉన్న ఒక్క కొనుగోలుదారుపైనే ఫిర్యాదు చేయడానికి చిన్న యజమాని జంకడం సహజం. అందుకే రెండో కొనుగోలుదారును వెతుక్కునేదాకా గడిచే మూడు నాలుగు నెలల జీతాలకు, కరెంటు బిల్లుకు సరిపడే సొమ్మును ప్రాజెక్టు నివేదికలోనే వర్కింగ్ క్యాపిటల్‌గా చూపించమని పరిశ్రమల కేంద్రంలోనూ, బ్యాంకులోనూ పట్టుబట్టాలి.