లాడ్జి డాక్టరు చెప్పని సంగతి

మిర్చి డబ్బులు చేతికొచ్చే రోజులకి మన బస్టాండు గోడల మీద కొత్త పోస్టర్లు పడతాయి. ‘నరాల బలహీనతకు గ్యారంటీ వైద్యం. ఫలానా లాడ్జి, ఫలానా తారీఖు.’ నాకు తెలిసిన కౌలు రైతు ఒకతను, 34 ఏళ్లోడు, గుంటూరు యార్డులో కాయ అమ్మి వస్తా వస్తా అట్టాంటి లాడ్జి మెట్లెక్కాడు. 18 వేలు పోసి పొడి పొట్లాలు తెచ్చుకున్నాడు. మూడు నెలలు మింగినా గుణం లేదు. సిగ్గుతో భార్యతో మాటలే మానేశాడు. చివరికి బతిమాలి పీహెచ్‌సీకి తీసుకుపోతే బయటపడింది ఏంది? షుగరు.

ఇప్పుడు ఫోన్లలో ఇంకో మాట తిరుగుతోంది. పేగుల్లో బ్యాక్టీరియా చెడితే అంగస్తంభన పోద్దంట, ఫలానా క్యాప్సూల్ కొనాలంట. ఇందులో నిజమెంత, యాపారమెంత? నేను డాక్టర్ని కాదు. చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నది చెబుతా.

అంగం గట్టిపడటమంటే అందులోకి రక్తం నిండటం. అక్కడి నరాలు, రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని వదిలితే నాళాలు సడలుతాయి. తూము ఎత్తితే కాలవ పారినట్టు రక్తం పారుద్ది. ఒంట్లో ఈ వాయువు చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. షుగరు, బీపీ, పొగాకు దెబ్బతీసేది ఆ పొరనే.

మరి పేగులకేం సంబంధం? పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. మనం తినే పీచే వాటికి మేత. అది తిని అవి తయారుచేసే ఆమ్లాలు పేగు గోడని కాపాడతాయి. పాలిష్ బియ్యం, బజ్జీలు, కూల్‌డ్రింకులతోనే కడుపు నింపితే మేత తగ్గుద్ది, గోడ బలహీనపడుద్ది. బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి జారి, ఒంట్లో ఊకపొయ్యి మాదిరి సన్నటి మంట రాజుకోవచ్చు. ఆ సెగ రక్తనాళాల పొరకీ తగలొచ్చు.

ఈ సమస్య ఉన్నోళ్ల పేగు బ్యాక్టీరియాలో తేడాలున్నట్టు కొన్ని పరిశోధనల్లో కనబడింది. అంతవరకే. అసలు కారణం ఇదేనని ఇంకా రుజువు కాలేదు. క్యాప్సూల్ మింగితే నయమవుద్దని అసలే తేలలేదు.

తేలిన సంగతి ఇంకోటుంది. అంగానికి పోయే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్లే, గుండెవి మూడు నాలుగు. సన్న కాలవే ముందు పూడుద్ది. అందుకే చాలామందిలో ఈ లోపం గుండెజబ్బుకి రెండు మూడేళ్ల ముందే మోగే గంట. అప్పుల దిగులు, మందు, నిద్రలేమి వల్ల కూడా రావచ్చు. ఏదైనా పరీక్షతోనే తేలుద్ది, పోస్టరుతో కాదు. అసలు ‘మగతనం పెంచుతాం’ అని ప్రకటన వేయడమే 1954 చట్టం ప్రకారం నేరం.

తమ్ముళ్లూ, ముందు పీహెచ్‌సీలో షుగరు, బీపీ చూపించుకోండి. బీడీ, గుట్కా మానండి. జొన్న, సజ్జ, కందిపప్పు, ఆకుకూర కంచంలోకి రానీండి. ప్రతి జలుబుకీ యాంటీబయాటిక్ అడగొద్దు, మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోద్ది. గుండెనొప్పికి నాలిక కింద మాత్ర పెట్టుకునేవాళ్లు వయాగ్రా లాంటివి ముట్టుకోవద్దు. బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. పేరు లేని పొడుల్లో ఆ మందే కలిపినవి చాలాసార్లు పట్టుబడ్డాయి.

పత్తికి తెగులొస్తే గట్టు మీద నలుగురిని అడుగుతాం. ఒంటి సంగతి ఇంటామెకి, డాక్టరుకి చెప్పడానికి సిగ్గెందుకు? మన సిగ్గే ఆ లాడ్జి గది అద్దె కడుతోంది.