పసిబిడ్డ స్కోరు, రేపటి తెలివి: అపోహలు – వాస్తవాలు

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు! కోనసీమ ఇళ్లలో ఆ సంబరంతోపాటే పోలికలూ మొదలవుతాయి. పక్కింటి పాప పది నెలలకే నడిచిందంటే అమలాపురంలోనైనా, రాజోలులోనైనా తల్లికి గుబులే.

అపోహ: త్వరగా నడిచిన బిడ్డే చదువులో చురుకు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ సహా ఐదు దేశాల్లో పిల్లల్ని గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. సొంతంగా నడిచే వయసు 8.2 నుంచి 17.6 నెలల దాకా ఉంది. 4 శాతానికి పైగా పిల్లలు చేతులూ మోకాళ్ల మీద పాకనేలేదు. ఈ పరిధిలో ముందువెనకలను బట్టి తెలివిని లెక్కగట్టలేం.

అపోహ: ఏడాదిలోపు ఎదుగుదల పరీక్షలో వచ్చే స్కోరే రేపటి ఐక్యూ.

వాస్తవం: 1928లో అమెరికాలోని బర్క్‌లీలో మొదలైన అధ్యయనంలో మనస్తత్వవేత్త నాన్సీ బేలీ ఒకే పిల్లల్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. తొలి ఏడాది స్కోర్లకూ బడి వయసు స్కోర్లకూ దాదాపు పొంతన లేదు. పసిబిడ్డ చేత చేయించేది గిలక్కాయ అందుకోవడం, చప్పుడు వైపు తిరగడం. ఎనిమిదేళ్లకు అడిగేది మాటలు, లెక్కలు, తర్కం. మన దేశంలో ప్రమీలా ఫాటక్ రూపొందించిన డాసీ అనే ఎదుగుదల పరీక్ష కూడా 30 నెలల లోపు పిల్లలకే. బిడ్డ ఇవాళ ఏం చేయగలుగుతోందో అది చెబుతుంది.

అపోహ: తక్కువ స్కోరు వస్తే ఇక అంతే.

వాస్తవం: అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కిలోకు తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో 20 నెలలప్పుడు 39 శాతం మందికి 70 లోపు స్కోరు వచ్చింది. ఎనిమిదేళ్లకు అలాంటివారు 16 శాతమే. స్కోరు కట్టేటప్పుడు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును రెండేళ్ల దాకా ప్రసవం జరగాల్సిన తేదీ నుంచి లెక్కించాలి. అయితే మరీ తక్కువ స్కోర్లను తేలిగ్గా తీసుకోకూడదు. మామూలు స్కోర్ల కంటే అవే భవిష్యత్తును ఎక్కువగా సూచిస్తాయి.

అపోహ: వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే, పరీక్ష దండగ.

వాస్తవం: ఆలస్యం వెనుక వినికిడి లోపమో, థైరాయిడ్ లోపమో ఉండొచ్చు. వాటిని ఎంత ముందు పట్టుకుంటే అంత మేలు. ఏడాదిన్నరకూ నడవకపోయినా, పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు ఆగిపోయినా డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏటా రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి. కొత్తపేట పల్లెల్లోని తల్లులూ ఆ బృందం వచ్చే రోజు ఎప్పుడో అంగన్‌వాడీ టీచర్ని అడిగి బిడ్డను తీసుకెళ్లవచ్చు.