రంగు లేని నీళ్లతో ఎరుపు

పెడనలో కలంకారీ అచ్చు వేసే మనిషి ఎరుపు కావలసిన చోట ఎరుపు పూయడు. పటిక నీళ్లు అద్దుతాడు. ఎక్కడ అద్దాడో తనకే కనబడదు కాబట్టి, ఉతికితే పోయే రంగు చిటికెడు అందులో కలుపుకుంటాడు. ఆ గుడ్డని ఆరబెట్టి, పారే నీళ్లలో జాడించి, రాగి కాగులో సురుడు చెక్కతోనో మంజిష్ఠతోనో ఉడికించాకగానీ అసలు ఎరుపు బయటపడదు. పటిక అంటిన చోట రంగు కరుచుకుంటుంది. అంటని చోట మిగిలిన లేత మరక ఉతుకులకీ ఎండకీ పోతుంది.

నలుపుది మరో వింత. ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుప తుక్కు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే పలచటి ద్రవం వస్తుంది. టేకు దిమ్మని అందులో తడిపి గుడ్డ మీద కొడితే, తీగా పువ్వూ అక్కడే నల్లబడతాయి. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి చేసే పని అది. ఒకప్పటి రాతసిరా తయారీ వెనకా ఇదే రసాయనం.

వేడి టీ పోస్తే బొమ్మ తేలే కప్పు వీడియోని పదిమందికి పంపుతాం. విజయవాడ గుణదల నుంచి గుడివాడ మీదుగా రెండు గంటలు ప్రయాణించి పెడన చేరితే చాలు, అంతకంటే పెద్ద గారడీ కళ్లారా చూడొచ్చు.

ఒకే కాగు, ఒకే రంగు, బయటికొచ్చే గుడ్డ మీద మాత్రం పలు రంగులు! ఈజిప్టులో ఇలా అద్దుతారని రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే అబ్బురంగా రాశాడు. మన తీరం ఈ విద్యతో ప్రపంచాన్నే కమ్మేసింది. డచ్చివాళ్లు 1605లో బందరులో దిగారు. ఇంగ్లిషు కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో వచ్చింది. అద్దకం బట్టల మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. 1759 దాకా ఎత్తేయలేదు. ఇంగ్లండు 1721లో చట్టం తెచ్చింది. ఈలోగా కిటుకు రాబట్టే పనీ సాగింది. కోరమాండల్ తీరంలో ఉన్న ఫ్రెంచి ఫాదర్ కేర్డూ అద్దకగాళ్లని అడిగి తెలుసుకుని, 1742లో అంచెలంచెలుగా ఉత్తరం రాసి పంపాడు. సంస్కృతానికీ లాటిన్‌కీ చుట్టరికం ఉందని తొలినాళ్లలోనే పసిగట్టిన పండితుడూ ఈయనే. రహస్యం మూటగట్టిన చేయి మామూలుది కాదు!

అప్పట్లో ఎరుపుకి మూలం చిరువేరు. నిజాంపట్నం వైపు ఇసుక నేలల్లో తవ్విన వేరుకి మంచి పేరుండేది. గవ్వల సున్నం కలిసిన నేల కావడంతో ఎరుపు నిగ్గు తేలేది. ఆ వేరులోని రంగు పదార్థం అలిజరిన్. దాన్ని 1868లో గ్రేబే, లీబర్మన్ అనే జర్మన్లు ప్రయోగశాలలో తయారుచేశారు. చిరువేరు తవ్వేవాళ్ల బతుకు అక్కడితో సరి. తమాషా ఏమంటే, ఇవాళ పెడనలో చాలాచోట్ల కాగులో పడేది ఆ ఫ్యాక్టరీ అలిజరినే. దాన్ని నేను తప్పుపట్టను, పటికతో పెనవేసుకునే పద్ధతి మారలేదు కదా!

నా తగువల్లా స్క్రీన్ ప్రింటుతో. కరక్కాయ లేదు, పటిక లేదు, ఉడకబెట్టడం లేదు, కాలువ కట్టేస్తే ఉతుకెలాగన్న బెంగా లేదు. గుడ్డ మీద రంగు పులిమి 'కలంకారీ' అని చీటీ అంటిస్తారు. పక్కన అసలు చీర ధర చెబితే మనమే ముఖం చిట్లిస్తాం.

ఈసారి కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి. ఉడికిన రంగు వెనక్కీ దిగుతుంది, పులిమిన రంగు చాలావరకు పైనే ఉంటుంది. తెల్లగా వదిలిన చోట కరక్కాయ ఛాయ లేతగా కనబడాలి. దిమ్మలు కలిసే చోట గీత కాస్త తప్పితే బేరమాడకండి, అది చేత్తో కొట్టిన గుర్తు. నిమ్మరసం చుక్కతో మాత్రం పరీక్షించకండి, అసలు నలుపే ముందు పోతుంది.