చెట్టు మీద రొద చేసే పురుగుకి కషాయం కొట్టకండి

పోయిన వారం ఒక రైతు ఫోన్ చేసి, "అన్నా, మామిడితోటలో పొద్దున్నుంచి ఒకటే రొద. ఏ కషాయం కొట్టమంటావ్?" అని అడిగాడు. ఏమీ కొట్టొద్దన్నాను. ఎందుకో చెప్పడానికే ఈ వీడియో.

వీడియోలో మీరు వినే శబ్దం చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ దాటాక అశోక్‌నగర్ సందులో, ఒక వేపచెట్టు కింద రికార్డు చేశాను. ఈ పురుగు పేరు సికాడా. మనం అన్నింటినీ కలిపి కీచురాయి అనేస్తాం గానీ రెండూ వేరు. కీచురాయి రెక్కలు రాసి, ఎక్కువగా రాత్రిపూట అరుస్తుంది. సికాడాలో మగదానికి పొట్ట మొదట్లో రెండు పక్కలా డప్పుతోలు లాంటి పొరలుంటాయి. కండరాలతో వాటిని లోపలికి లాగి వదులుతుంది. పొట్ట బోలుగా ఉంటుంది కాబట్టి శబ్దం పెద్దదవుతుంది. ఆ పాట విని ఆడది వస్తుంది.

మన దేశంలో ఉన్న సికాడాల్లో ప్లాటిప్ల్యూరా ఒక ప్రజాతి. ఆఫ్రికా నుంచి జపాన్ దాకా ఉంది. వీపు ముందుభాగం రెండు పక్కలా చదునుగా విస్తరించి ఉంటుంది. రెక్కల మీది మచ్చలు బెరడులో కలిసిపోతాయి. అందుకే చెట్టంతా వెతికినా కంటికి దొరకదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆడది సన్నకొమ్మల్ని చీల్చి గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు నేల మీద పడి, ముందుకాళ్లతో తవ్వుకుంటూ లోపలికి పోతాయి. వేళ్లలో నీటిని పైకి మోసే నాళాల్లోంచి రసం పీలుస్తాయి. అందులో దాదాపు అంతా నీళ్లే. తక్కువపడిన పోషకాలను పురుగు ఒంట్లోనే ఉండే బాక్టీరియా తయారుచేసి ఇస్తుంది. తిండి ఇంత పలచన కాబట్టి ఎదుగుదల నిదానం. మేఘాలయలో ఒక జాతి 4 ఏళ్లకోసారి బయటికి వస్తుంది. అమెరికాలో 13, 17 ఏళ్లవీ ఉన్నాయి. అశోక్‌నగర్ రూముల్లో ఏళ్లతరబడి గ్రూప్స్‌కి చదివే పిల్లలు గుర్తొస్తారు నాకు. బయటికొచ్చి, చెట్టెక్కి, గుల్ల విడిచాక బతికేది కొన్ని వారాలే.

అంటే ఇది చెట్టు పురుగు కాదు, నేల పురుగు. నారాయణగూడలో మా అత్తయ్యవాళ్ల ఇంటి వేపచెట్టు మీద చిన్నప్పుడు ఎండాకాలమంతా ఈ పాటే. ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చినప్పుడు చెట్టు కొట్టొద్దని పట్టుబట్టాం. కొట్టలేదు. కానీ మొదలు దాకా సిమెంటు, టైల్స్ పరిచేశారు. మేమూ వద్దనలేదు, శుభ్రంగా ఉంటుందనుకున్నాం. చెట్టు ఇప్పటికీ పచ్చగానే ఉంది. పాట లేదు. లోపలివి పైకి రాలేవు, పైనుంచి పడ్డవి లోపలికి పోలేవు. చెట్టును కాపాడాం గానీ నేలను వదిలేశాం.

తోటలో మనం చేసేదీ అదే కావచ్చు. అందుకే నా మాట:

• రొద విని ఏదీ కొట్టకండి, అగ్నిఅస్త్రమైనా సరే. పెద్ద చెట్టుకి కొన్ని కొమ్మల చివర్లు ఎండితే నష్టం లేదు.
• కొత్తగా నాటిన అంటుమొక్కలుంటే ఆ నాలుగు వారాలు దోమతెర కప్పండి, చాలు.
• చెట్టు నీడ పడే మేర రోటవేటర్ తిప్పకండి. ఆకుల ఆచ్ఛాదన వేసి వదిలేయండి.
• వేళ్ల దగ్గర గుళికల మందు అసలొద్దు.

లాభమేంటంటారా? పురుగు బయటికొచ్చిన బొరియల్లోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. చచ్చిన పురుగులు ఎరువవుతాయి. అమెరికా అడవుల్లో ఇలా రాలిన సికాడాల వల్ల నేలలో సూక్ష్మజీవులు, నత్రజని పెరిగాయని 2004లో వచ్చిన పరిశోధన చెప్పింది.

ఈసారి తోటలో రొద వినిపిస్తే పైకి చూడకండి. చెట్టు మొదట్లో వేలు పట్టేంత గుండ్రటి బొరియలు, కాండం మీద ఖాళీ గుల్లలు వెతకండి. కనిపిస్తే, కొన్నేళ్లుగా మీరు ఆ నేలను కదపకుండా, విషం పోయకుండా ఉంచారన్నమాట. దానికి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.