గోదారమ్మ ఒడిలో ఒక రోజు

సంక్రాంతికి పుట్టింటికి బయల్దేరాం. తెల్లవారుజామున రైలు కొవ్వూరు దాటి వంతెన ఎక్కగానే పెట్టెలో సగంమంది లేచి కూర్చున్నారు. పెద్దవాళ్ళు చేతులు జోడించారు. మా పిల్లలిద్దరూ కిటికీ దగ్గరికి చేరి రూపాయి బిళ్ళలు నీళ్ళలోకి విసిరారు. ‘‘అమ్మా, ఈసారైనా పాపికొండలు చూపిస్తావా?’’ అంది మా అమ్మాయి. మూడేళ్ళుగా అడుగుతోంది. ఏటా ఏదో ఒకటి చెప్పి దాటవేస్తున్నాను. అసలు కారణం మా అమ్మ.

అమ్మ పుట్టింది గోదావరి ఒడ్డునే, మెట్టింది రాజమండ్రిలోనే. కార్తీకమాసంలో పుష్కరఘాట్‌లో దీపం వదలనిదే ఆమెకు తెల్లవారదు. కానీ 2019 సెప్టెంబరు 15 తరవాత పడవెక్కలేదు. ఆ రోజు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు వరద గోదారిలో మునిగిపోయింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బయటపడ్డారు. బోటును పైకి తీయడానికి నెలరోజులు దాటింది. అన్నాళ్ళూ అమ్మ టీవీ ముందునుంచి లేవలేదు. ‘‘పిల్లల్ని అటు తీసుకెళ్ళావంటే నాతో మాట్లాడకు’’ అని అప్పుడే తేల్చి చెప్పేసింది.

ఈసారి ఆ మాటను కదిలించింది పిల్లలు కాదు, నాన్న. ‘‘నేను మొదట ఉద్యోగంలో చేరిన ఊరు ఎలా ఉందో ఒక్కసారి చూసొస్తానే. తరవాత చూద్దామన్నా ఉండదు’’ అన్నారు. నాన్న మేష్టారు. 1977లో దేవీపట్నం బడిలో చేరి రెండేళ్ళు పనిచేశారు. అమ్మ ఏమీ అనలేదు. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం, ‘‘నేనూ వస్తాను. ఏదైనా అయితే అందరం ఉంటాం’’ అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు.

చొక్కా కాదు, ప్రాణం

ఒకప్పుడు రాజమండ్రిలోనో, పట్టిసీమ రేవులోనో లాంచీ ఎక్కేవాళ్ళు. బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) సినిమాల్లో కథంతా ఆ నీటిదారి ప్రయాణమే. ఇప్పుడు పోలవరం ఆనకట్ట పనులు నదికి అడ్డంగా ఉన్నాయి కనుక రోడ్డుమీద గండిపోచమ్మ గుడిదాకా వెళ్ళి, అక్కడ బోటు ఎక్కాలి. భద్రాచలం వైపునుంచి వచ్చేవారికి పోచవరం రేవు ఉంది.

అమ్మవారికి దణ్ణం పెట్టుకుని రేవులోకి దిగేసరికి నదిమీద మంచు ఇంకా విడలేదు. పేర్లు, వయసులు రాసుకున్నారు. గుర్తింపు కార్డులు చూశారు. మనిషికో లైఫ్‌జాకెట్ ఇచ్చారు. ‘‘ఉక్కగా ఉంది, తరవాత వేసుకుంటా’’ అన్నాడు మా అబ్బాయి. సరంగు నవ్వుతూనే, ‘‘వేసుకోకపోతే బోటు కదలదు బాబూ. అది చొక్కా కాదు, ప్రాణం’’ అన్నాడు. ఆ ఒక్క మాటతో అమ్మకి అతనిమీద గురి కుదిరింది. మనవడి జాకెట్ తాళ్ళు తనే రెండుసార్లు లాగి చూసింది.

బోటు కదిలింది. వేడివేడి ఇడ్లీలు, ఉప్మా వచ్చాయి. పొగమంచు తెరలు తెరలుగా తొలగుతుంటే ముందు కొండల అంచులు, తరవాత చెట్లు, ఆఖరున నీళ్ళు కనిపించాయి. వరదలప్పుడు ఎర్రమట్టి కలిసి పారే గోదారి జనవరిలో ఆకుపచ్చగా తేటపడి ఉంటుంది. మావారు ఫోను తీసి చూసి, సిగ్నల్ లేదని జేబులో పెట్టేసుకున్నారు. పెళ్ళయ్యాక ఆయన ఫోను ఇంతసేపు జేబులో ఉండడం నేను చూడలేదు.

ఒక్కటే చిరాకు. కాసేపటికే మైకులో సినిమా పాటలు మొదలయ్యాయి. కొండల్లో పిట్ట కూత వినాలని వస్తే మూడో వరస కుర్రాళ్ళ ఈలలు వినాల్సి వచ్చింది. నాన్న మెల్లగా వెళ్ళి, ‘‘బాబూ, ఒక్క అరగంట గోదారిని మాట్లాడనివ్వండి’’ అన్నారు. ఏమనుకున్నారో ఏమో, నిజంగానే ఆపేశారు. ఇంజను చప్పుడు, నీళ్ళు చీలే చప్పుడు, అంతే.

బడి ఏదీ మేష్టారూ?

దేవీపట్నం వస్తోందనగానే నాన్న కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ‘‘అదిగో, అక్కడ లాంచీ ఆగేది. శనివారం బడి అవగానే పరిగెత్తేవాణ్ణి. తప్పిపోతే సోమవారం దాకా ఇంటికి రానట్టే’’ అంటూ మనవలకి చూపించారు. వాళ్ళు చూశారు. తలుపులు, కిటికీలు లేని గోడలు కనిపించాయి. వాటిమీద వరద వదిలివెళ్ళిన బురద చారలున్నాయి.

పోలవరం దగ్గర 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. అప్పట్నుంచి వరద వస్తే నీరు వెనక్కి ఎగదన్ని ఈ ఊళ్ళను ముంచుతోంది. జనం పునరావాస కాలనీలకు తరలిపోయారు. వెళ్ళేటప్పుడు తలుపులు, దూలాలు విప్పుకుని తీసుకెళ్ళారు. ‘‘మాదీ ఈ మండలమేనండీ’’ అన్నాడు టీలు అందిస్తున్న అతను. ‘‘కాలనీలో ఇల్లిచ్చారు. బాగానే ఉంది. పొద్దున్నే లేచి రేవుకెళ్దామని బయటికొస్తే మాత్రం రేవుండదండీ.’’

నాన్న బడి ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయారు. ‘‘ఇసుకతిన్నెలు కూడా లేవు. పిల్లలు సాయంత్రం అక్కడే కబడ్డీ ఆడేవారు’’ అన్నారు. నీరు నిలబడటంతో తిన్నెలు అడుగున పడిపోయాయి. సగం నది, సగం చెరువు అన్నట్టుంది గోదారి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అమ్మ పక్కన చేరి ఏమీ మాట్లాడకుండా ఆయన భుజంమీద చెయ్యి వేసింది.

కచ్చులూరు దగ్గర మాటలన్నీ వాటంతటవే ఆగిపోయాయి. నది మెలిక తిరిగేచోట కొండరాళ్ళు నీళ్ళలోకి చొచ్చుకొచ్చి ఉంటాయి. వరదలో అక్కడ సుడులు లేస్తాయి. ఆ రోజు సరిగ్గా అలాంటి ఉధృతిలోనే బోటు వెళ్ళింది. ఇప్పుడు నీరు కదలనట్టే ఉంది. అమ్మ కొంగున కట్టుకొచ్చిన పసుపు కుంకుమ, నాలుగు బంతిపూలు నీళ్ళలో వదిలింది. అవి బోటు వెనకాల చాలాదూరం కనిపించాయి.

దారి మూసుకుపోయిందా!

అక్కణ్నుంచి కొండలు దగ్గరవుతూ వస్తాయి. ఒక దశలో ముందు దారే లేదనిపిస్తుంది. బోటు నేరుగా కొండకేసి పోతున్నట్టే ఉంటుంది. పిల్లలు కేకలు పెట్టారు. ఇంతలో పక్కకి ఒక మలుపు, మళ్ళీ నీళ్ళు. రెండువైపులా జుట్టు దువ్వి మధ్యలో తీసిన పాపిడిలా నది ఉంటుంది కనుక పాపికొండలయ్యాయని చెబుతారు.

నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి సముద్రందాకా 1465 కిలోమీటర్లు నడుస్తుంది. దారిలో ప్రాణహిత, ఇంద్రావతి కలుస్తాయి. పాపికొండలకు కాస్త ఎగువన కూనవరం దగ్గర శబరి కలుస్తుంది. ఇన్ని నదుల నీళ్ళూ ఈ సందులోంచే పోవాలి. వెడల్పు తగ్గితే నీటికి మిగిలిన దారి లోతే. పైకి ఇంత నెమ్మదిగా కనిపించే గోదారికి ఇక్కడ అంత లోతు ఎందుకో, వరదొస్తే అంత వేగం ఎందుకో మా అబ్బాయికి అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం పేరంటాలపల్లిలో దిగాం. కొండ ఎక్కితే చెట్ల నీడలో చిన్న శివాలయం, రామకృష్ణ మునివాటం. పక్కనే చల్లటి వాగునీళ్ళు. కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు అమ్ముతున్నారు. బేరమాడబోతే అమ్మ కళ్ళెర్రజేసింది. బోటులోనే భోజనం: పులిహోర, పప్పు, కూర, పెరుగు. గాలికి ఆకలి రెట్టింపయింది.

తిరుగు ప్రయాణంలో ఎండ చల్లబడింది. ఎవరికీ ఏ పనీ లేదు. అమ్మాయి తాతయ్య ఒళ్ళో తలపెట్టుకుని, ‘‘పాపికొండలు కూడా మునిగిపోతాయా?’’ అని అడిగింది. ‘‘కొండలు మునగవమ్మా. ఆనకట్ట పూర్తయితే నీటిమట్టం 45.72 మీటర్లదాకా వస్తుంది. పొలాలకి నీళ్ళొస్తాయి. మనుషుల ఊళ్ళే ఉండవు’’ అన్నారు నాన్న. ఆ ప్రాజెక్టు కోసం ఇల్లు వదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే. ఆ మాట మేమెవరం కాసేపు మరిచిపోలేకపోయాం.

రేవులో దిగాక అమ్మ జాకెట్ విప్పి, మడతపెట్టి మరీ సరంగుకి ఇచ్చింది. ‘‘మళ్ళీ ఏడాది వస్తాం నాయనా, నువ్వే ఉండు’’ అంది. మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.

మీరు వెళ్తుంటే...

వరదలు తగ్గాక, శీతాకాలం అనువైన సమయం. వర్షాకాలంలో బోట్లు ఆపేస్తారు, కనుక బయల్దేరే ముందు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి.

గుర్తింపు కార్డులు మరిచిపోవద్దు. జాకెట్ ఇవ్వని బోటు, మితిమీరి జనాన్ని ఎక్కించుకునే బోటు ఎక్కొద్దు. ఎక్కాక ఫొటో కోసమైనా దాన్ని విప్పొద్దు.

ప్లాస్టిక్ సీసాలు, విస్తళ్ళు నదిలో వేయకండి. పెద్దవాళ్ళుంటే మందులు, శాలువా వెంట ఉంచుకోండి. ఆ తీరంలో వాళ్ళకి తెలిసిన ఊరేదైనా ఉంటే ఆలస్యం చేయక ఇప్పుడే తీసుకెళ్ళండి.