ప్రైమ్95 అంటే స్ట్రెస్ టెస్ట్ ఒక్కటే కాదు: ఇంటి పీసీలతో సాగుతున్న ప్రైమ్ నంబర్ల వేట

కొత్త డెస్క్‌టాప్ అసెంబుల్ చేసుకోగానే చాలామంది ప్రైమ్95 రన్ చేస్తారు. ఫ్యాన్లు రయ్యిమంటాయి, టెంపరేచర్ పైకి పోతుంది. కొన్ని గంటలు క్రాష్ కాకపోతే పీసీ స్టేబుల్ అనుకుని క్లోజ్ చేసేస్తాం. కానీ ఈ సాఫ్ట్‌వేర్ పుట్టింది అందుకు కాదు. దీని అసలు పని ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రైమ్ నంబర్లను వెతకడం.

వెతికేది ఏంటి?

కొన్ని 2లను గుణించి, వచ్చినదాంట్లోంచి 1 తీసేయండి. మిగిలింది ప్రధాన సంఖ్య అయితే అది మెర్సెన్ ప్రైమ్. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ సన్యాసి మారిన్ మెర్సెన్ పేరు మీద ఆ పేరొచ్చింది. మూడు 2లు గుణిస్తే 8, ఒకటి తీస్తే 7. ఇది ప్రైమే. పదకొండు 2లు గుణించి ఒకటి తీస్తే 2,047. చూడ్డానికి ప్రైమ్‌లాగే ఉంటుంది కానీ 23ని 89తో గుణిస్తే వచ్చేది అదే. 2024 అక్టోబర్ నాటికి దొరికినవి మొత్తం 52 మాత్రమే.

1996లో అమెరికన్ ప్రోగ్రామర్ జార్జ్ వోల్ట్‌మన్ ఈ సాఫ్ట్‌వేర్‌ని ఫ్రీగా ఇచ్చి 'జింప్స్' అనే ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. మీరు చేరితే సర్వర్ మీ పీసీకి ఒక నంబర్ ఇస్తుంది. అది ప్రైమో కాదో తేల్చి పంపడమే మీ పీసీ పని.

స్ట్రెస్ టెస్ట్ ఎలా అయింది?

ఈ లెక్కలో ప్రతి స్టెప్ ముందు స్టెప్ జవాబు మీదే ఆధారపడుతుంది. అలాంటి స్టెప్పులు కోట్లలో ఉంటాయి. ర్యామ్‌లో ఒక్క బిట్ తేడా వచ్చినా, తర్వాతదంతా తప్పే. అందుకే ప్రాసెసర్‌లో చిన్న లోపమున్నా ఇక్కడ బయటపడుతుంది. 2016లో ఇంటెల్ స్కైలేక్ చిప్‌లు ఫ్రీజ్ అవుతున్నాయని పట్టుకున్నది ప్రైమ్95 నడిపేవాళ్లే. ఇంటెల్ ఒప్పుకుని, బయోస్ అప్‌డేట్‌తో సరిచేసింది.

ఐ5 నుంచి హెచ్100 దాకా

2017 డిసెంబర్‌లో అమెరికాలోని టెనెసీకి చెందిన ఎలక్ట్రికల్ ఇంజనీర్ జోనథన్ పేస్‌కి 2,32,49,425 అంకెల ప్రైమ్ దొరికింది. అప్పటికి ఆయన 14 ఏళ్లుగా వెతుకుతున్నారు. దాన్ని తేల్చింది మామూలు ఐ5-6600 ప్రాసెసర్, ఆరు రోజులు ఆగకుండా నడిచి.

2024 అక్టోబర్‌లో సీన్ మారింది. ఎన్విడియా మాజీ ఉద్యోగి ల్యూక్ డ్యూరంట్ 17 దేశాల్లోని క్లౌడ్ జీపీయూలను వాడి 4,10,24,320 అంకెల ప్రైమ్ పట్టుకున్నారు. డబ్లిన్‌లోని ఒక ఏ100 ముందు ప్రైమ్ కావచ్చని చెప్పింది, మర్నాడు టెక్సస్‌లోని హెచ్100 నిర్ధారించింది. ఇంటి పీసీల 28 ఏళ్ల రికార్డు అక్కడితో ఆగింది.

మరి ఇంటి పీసీతో పనేంటి?

వేట వరుసగా సాగదు. 2008 ఆగస్టులో ఒక పెద్ద ప్రైమ్ దొరికితే, దానికంటే చిన్నది 2009 ఏప్రిల్‌లో బయటపడింది. అంటే మధ్యలో ఏదీ మిస్ కాలేదని చెప్పాలంటే ప్రతి నంబర్‌నీ చెక్ చేయాలి, పాత రిజల్ట్‌లను ఇంకోసారి సరిచూడాలి. మీ పీసీ 'ఇది ప్రైమ్ కాదు' అని పంపే జవాబు కూడా లెక్కలోకే వస్తుంది. నిజం చెప్పాలంటే, దాదాపు అందరికీ వచ్చేది ఆ జవాబే.

ఖర్చు కూడా చూసుకోండి. ఫుల్ లోడ్‌లో 150 వాట్లు తీసుకునే పీసీ 24 గంటలూ నడిస్తే రోజుకి 3.6 యూనిట్లు, నెలకి 108 యూనిట్లు. కరెంట్ బిల్లు స్లాబే మారిపోవచ్చు. జింప్స్‌లో కొత్త ప్రైమ్ దొరికితే ఇచ్చేది 3,000 డాలర్లు. 10 కోట్ల అంకెల ప్రైమ్‌కి అమెరికాలోని ఈఎఫ్‌ఎఫ్ సంస్థ ప్రకటించిన 1,50,000 డాలర్లు ఇంకా ఎవరూ గెలవలేదు.

మా మాట: డబ్బు కోసమైతే వద్దు. సన్నటి ల్యాప్‌టాప్‌లో అస్సలు వద్దు, వేడికి తట్టుకోదు. మంచి కూలర్ ఉన్న డెస్క్‌టాప్ ఉంటే, ఓవర్‌క్లాక్ తీసేసి, ముందు ఒక రాత్రంతా స్ట్రెస్ టెస్ట్ పెట్టండి. ఒక్క ఎర్రర్ కూడా రాకపోతే అప్పుడు చేరండి. ఎర్రర్ వస్తే? ర్యామ్ సంగతి ముందే తెలిసింది కదా, అదీ లాభమే.